పాత మోటారుసైకిళ్లలో లైట్ల లోపాలు

పాత మోటారుసైకిళ్లలో లైట్లు మసకబారడానికి, మిణుకుమనడానికి, ఆరిపోవడానికి చాలాసార్లు బల్బు కారణం కాదు. తుప్పు పట్టిన కనెక్టర్లు, వదులైన ఎర్త్, లోలోపల తెగిన వైర్లు ఈ లోపాలకు ముఖ్య కారణాలు.

కరెంటు దారి

ఇంజను తిరిగినప్పుడు మాగ్నెట్ కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. రెక్టిఫైయర్ దాన్ని డీసీగా మార్చి బ్యాటరీని చార్జి చేస్తుంది. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ వంటి బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు నేరుగా కాయిల్ నుంచే అందుతుంది. హారన్, ఇండికేటర్లు బ్యాటరీతో నడుస్తాయి. కాబట్టి బండి ఆపితే హెడ్‌లైటు వెలగకపోవడం, ఐడిలింగ్‌లో కాస్త తగ్గడం లోపాలు కావు.

అంతకన్నా పాత 6 వోల్టుల బండ్లలో 35 వాట్ల బల్బు సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది. 12 వోల్టుల బండిలో అదే వాటేజీకి సుమారు 3 ఆంపియర్లు చాలు. అందుకే 6 వోల్టుల బండిలో కొద్దిపాటి తుప్పు కూడా వెలుగును బాగా తగ్గిస్తుంది.

లక్షణాలు, కారణాలు

- బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం: వెనుక లైట్ల ఎర్త్ తగలడం లేదు.
- హ్యాండిల్ తిప్పితే లైటు ఆరి వెలగడం: స్టీరింగ్ మెడ దగ్గర వైరు లోపల తెగింది.
- ఇండికేటర్ మిణుకుమనకుండా వెలిగే ఉండటం: ఒక బల్బు పోయింది, లేదా బ్యాటరీ బలహీనపడింది.
- రేజ్ చేసినప్పుడల్లా బల్బులు మాడిపోవడం: రెగ్యులేటర్ గాని దాని ఎర్త్ గాని చెడింది.
- హై బీమ్ వెలిగి డిప్ వెలగకపోవడం: ఒక ఫిలమెంటు లేదా స్విచ్ పోయింది.

పరీక్షించే క్రమం

మొదట బల్బు, ఫ్యూజు, హోల్డర్ చూడాలి. తర్వాత మల్టీమీటరుతో బ్యాటరీని కొలవాలి. పూర్తిగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు అది 14 వోల్టులకు దగ్గరగా చేరాలి. నేరుగా కాయిల్‌తో నడిచే హెడ్‌లైటును ఏసీ స్కేలులో కొలవాలి.

ఎర్త్ మీద అనుమానం ఉంటే హోల్డర్ లోహాన్ని ఒక వైరుతో బ్యాటరీ నెగటివ్‌కు కలిపి చూడాలి. వెలుగు పెరిగితే ఎర్త్ బోల్టు విప్పి, రంగు, తుప్పు గీకి మళ్లీ బిగించాలి.

జాగ్రత్తలు

వైర్లు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఫ్యూజు బదులు తీగ చుడితే వైరింగ్ కాలిపోతుంది. డీసీకి మాత్రమే తయారైన ఎల్‌ఈడీ బల్బును ఏసీ హెడ్‌లైటుకు పెట్టకూడదు.

భారత్‌లో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు, ఇంజను నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి. అది లేని పాత బండ్లలో, చీకటి పడకముందే లైట్లు చూసుకోవడం నడిపేవారి బాధ్యతే.