ఏడు చరణముల ఈస్టరు కీర్తన

ఐరోపాలో సుమారు 1600 నుండి 1750 వరకు వర్ధిల్లిన సంగీతమునకు బరోక్ సంగీతమని పేరు. ఆ కాలపు ఈస్టరు గానమనగానే రాజాస్థానములు, పేరుమోసిన గాయకులు తలపునకు వచ్చుట సహజము. అట్టి గానము కచేరీలకే తగునుగాని ఆరాధనకు తగదని అనువారు మనలోనూ ఉన్నారు. మేము ఆ మాటతో ఏకీభవించము. దాని వేరు సామాన్య సంఘస్థుల పాటలోనే ఉన్నది. ఇందుకు ఒక్క కృతిని చూచినా చాలును.

1524లో మార్టిన్ లూథర్ గారి ఈస్టరు కీర్తన ఒకటి అచ్చయినది. మరణ బంధములలో ఉంచబడిన క్రీస్తు లేచి మనకు జీవము తెచ్చెనని దాని భావము. చరణములు ఏడు. రాగము పూర్తిగా కొత్తది కాదు. పదకొండవ శతాబ్దపు లతీను ఈస్టరు గీతమును, జర్మను ప్రజల నోట నానిన మరొక పాత పాటను అనుసరించి మలచినది. మన కీర్తనలలో పల్లవి తిరిగి వచ్చునట్లు ఇందులో ప్రతి చరణము చివర హల్లెలూయ వచ్చును.

దాదాపు 180 ఏండ్ల తరువాత యోహాన్ సెబాస్టియన్ బాఖ్ గారు ఈ కీర్తనను చేపట్టారు. అప్పటికి ఆయనకు 22 ఏండ్లు. మ్యూల్‌హౌజెన్ పట్టణ దేవాలయములో ఆర్గను వాద్యకారుని ఉద్యోగము కోరి, 1707 ఈస్టరు నాడు పరీక్షగా పాడించినది ఈ కృతియేనని చరిత్రకారులు భావిస్తున్నారు. ఇట్టి కృతులకు కవులచేత కొత్త మాటలు వ్రాయించుట అప్పటికే మొదలైనది. బాఖ్ గారు మాత్రము లూథర్ గారి ఏడు చరణములలో ఒక్క మాటయినా మార్చలేదు. రాగమును కూడ ఏ చరణములోనూ విడువలేదు. మూడవ చరణము టెనార్ గొంతుది. మరణమునకు ఇక ఆకారము తప్ప మరేమియు మిగులలేదని చెప్పుచోట సంగీతము ఒక్క క్షణము చటుక్కున ఆగిపోవును. నాలుగవ చరణములో జీవమునకు మరణమునకు జరిగిన పోరాటమును గాయకులు ఒకరినొకరు తరుముకొనుచు పాడుదురు. మా దృష్టిలో కృతికి ప్రాణము ఇదే.

1724లో బాఖ్ గారు లైప్జిగ్ నగరములో ఉన్నారు. అక్కడ శ్రమకాలమంతయు, దేవదూత మరియమ్మకు వర్తమానము తెచ్చిన పండుగ నాడు తప్ప, దేవాలయములలో వాద్యములతో గానము చేయరాదు. ఇన్ని వారముల మౌనము తరువాత ఏప్రిల్ 7న, శుభ శుక్రవారమున, యోహాను సువార్త ప్రకారమైన శ్రమల గానము జరిగినది. ఆయన తోమా దేవాలయమని కరపత్రములు అచ్చు వేయించగా, నగర సభవారు నికొలాస్ దేవాలయములోనే జరుగవలెనన్నారు. సరేనని, గాయకులకు మేడపై చోటు పెంచి, అక్కడి హార్ప్సికార్డును బాగు చేయించవలసినదిగా ఆయన కోరారు. ఆ తరువాత రెండు దినములకే ఈస్టరు. ఆ దినమున ఈ ఏడు చరణములు మరల వినిపించినవి. పండితులేగాక బజారులో అమ్ముకొనువారికిని తెలిసిన పాటయే అది.

పాడినవారు తోమా పాఠశాల బాలురు. 1730లో బాఖ్ గారు నగర సభకు వ్రాసిన విన్నపములో 17 మంది పనికివత్తురనియు, 20 మంది ఇంకను నేర్వవలసి ఉన్నదనియు, 17 మంది బొత్తిగా పనికిరారనియు లెక్క చెప్పారు. మన గాయక బృంద నాయకులు ఇది చదివి కొంత ఊరట పొందవచ్చును! లైప్జిగ్‌లో ఈ కృతిని పాడునప్పుడు పిల్లల గొంతులకు తోడుగా ట్రాంబోన్లు కూడ చేర్చారు.

బాఖ్ గారు 1750లో మరణించారు. ఈ కృతికి ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి దొరకలేదు. ఆయన భార్య అన్నా మగ్దలేనా గారు తోమా పాఠశాలకు అప్పగించిన గాయకుల, వాద్యకారుల కాగితములే దీనిని మనకు దక్కించినవి. ఆమె 1760లో ధర్మముపై బ్రతుకు విధవరాలుగా కన్నుమూశారు. 1851లో వెలువడిన బాఖ్ సమగ్ర గ్రంథావళి మొదటి సంపుటములో ఈ కృతి అచ్చయినది. ఆ పాత కాగితములు నేటికిని లైప్జిగ్‌లో భద్రముగా ఉన్నవి.