ఇసుక ఎవరిది, రోడ్డు ఎవరిది

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి రోజు రాత్రి హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన దాటి ఐకియా వైపు వెళ్తున్న ఒక స్పోర్ట్స్ బైకు జారి పడింది. నడుపుతున్నది సినీ నటుడు సాయి ధరమ్ తేజ్. హెల్మెట్ ఉండబట్టి బతికి బయటపడ్డారు. రాయదుర్గం పోలీసులు నిర్లక్ష్యంగా బండి నడిపారంటూ ఆయన మీదే కేసు పెట్టారు. బైకు ఖరీదెంత, ఎంత వేగంతో పోతోంది అన్న చర్చే టీవీల్లో సాగింది. సంగీత దర్శకుడు ఆర్.పి. పట్నాయక్ మాత్రం వేరే ప్రశ్న వేశారు. బైకు జారింది రోడ్డు మీది ఇసుకలో కాబట్టి, ఆ ఇసుక అక్కడికి రావడానికి కారణమైన నిర్మాణ సంస్థ మీద, దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేయని మున్సిపాలిటీ మీద కూడా కేసు పెట్టాలన్నారు. ఆ తర్వాత నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఒక నిర్మాణ సంస్థకు లక్ష రూపాయల జరిమానా విధించింది. అయితే రోడ్డు ఊడ్పించాల్సింది కూడా ఆ జీహెచ్ఎంసీయే.

రోడ్డు మీద ప్రాణం పోతే నడిపినవాడిని నిలదీయడం మనకు అలవాటే. రోడ్డు వేసినవాడిని, దాన్ని చూసుకోవాల్సినవాడిని నిలదీయడం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఆ మార్పు ఎంత నెమ్మదిగా వచ్చిందో తెలుసుకోవడానికి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్ల కథ చాలు.

ఐఏఎస్ అధికారి చల్లగళ్ల నరసింహం పూనికతో జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ 1963లో పుట్టింది. రాళ్ల గుట్టల మధ్య, వంపులు తిరుగుతూ, ఎక్కుతూ దిగుతూ సాగే రోడ్లకు పేర్లు పెట్టకుండా నంబర్లు ఇచ్చారు. కాలనీవాళ్లు ఇళ్లకు చేరడానికి వేసుకున్న దారులవి. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. మద్రాసు నుంచి తరలివచ్చిన సినీ పరిశ్రమకు ఫిల్మ్‌నగర్ చిరునామా అయింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ రోడ్ల స్వభావమే మారిపోయింది. పాత నగరానికీ కొత్త నగరానికీ మధ్య రాకపోకల్లో చాలా భాగం 36వ నంబరు, 45వ నంబరు రోడ్ల మీద పడింది. కాలనీ వీధి హైవే అయింది. హైవేకి కావలసిన రక్షణలు మాత్రం దానికి రాలేదు.

కార్లలో తిరిగేవాళ్ల పేటగా పేరుపడ్డా, ఇక్కడ నడిచేవాళ్లు తక్కువేమీ కాదు. తెల్లవారకముందే కృష్ణానగర్‌లో షూటింగ్ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, బంగ్లాల్లో పనికి వెళ్లే ఫిల్మ్‌నగర్ బస్తీల ఆడవాళ్లు, సిగ్నళ్ల దగ్గర బెలూన్లు అమ్మే కుటుంబాలు, అందరిదీ కాలినడకే. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పార్కు చేసిన కారు ఉంటే చంకన బిడ్డతో ఉన్న మనిషి రోడ్డు మీదికి దిగక తప్పదు. ఆ నాలుగు అడుగుల్లో ఏ బండో తగిలితే ఎఫ్ఐఆర్‌లో డ్రైవర్ పేరు మాత్రమే ఉంటుంది.

చట్టం మొదటి నుంచీ మూగగా ఉందని కాదు. జీహెచ్ఎంసీకి నేటికీ ఆధారమైన 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వీధుల నిర్మాణం, మరమ్మతు, దీపాలు, శుభ్రత కార్పొరేషన్ తప్పనిసరి విధులంటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 80 ఏళ్ల గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. లోపం పైకి కనబడలేదంటే కుదరదు, దారిన పోయేవాళ్ల మీద పడే ప్రమాదమున్న కట్టడాన్ని ఎప్పటికప్పుడు తనిఖీ చేయించడం కార్పొరేషన్ బాధ్యతేనంది. ఆ తీర్పు చూపిన దారి నష్టపరిహారం వరకే. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు క్రిమినల్ కేసు పెట్టాలంటే అప్పట్లో ఐపీసీ 304ఎ ఉండేది. కానీ విధి నిర్వహణలో జరిగిన దానికి పై స్థాయి అధికారిని విచారించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ ఫైలు ఎన్నాళ్లు నానుతుందో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ఆ అనుమతికి 120 రోజుల గడువు పెట్టింది.

ఇక పోలీసుల దృష్టి ఎప్పుడూ స్టీరింగు మీదే. 2011 తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు పరిసరాల్లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు నిత్యకృత్యమయ్యాయి. అవి కావాలి, వాటివల్ల ప్రాణాలు నిలిచాయి. 2016 జులై 1న పంజగుట్టలో తాగి నడిపిన యువకుల కారు డివైడర్ దాటి మరో కారు మీద పడింది. తొమ్మిదేళ్ల పాపను, ఆ కుటుంబంలో మరో ఇద్దరిని బలిగొన్న ఆ దుర్ఘటన నగరాన్ని ఏడిపించింది. 2017 మే 10 తెల్లవారుజామున 36వ నంబరు రోడ్డులో మెట్రో పిల్లర్‌ను ఢీకొని ఆనాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ శాఖ మంత్రి పి. నారాయణ కుమారుడు, ఆ కుమారుడి స్నేహితుడు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడూ మాట్లాడుకున్నది వేగం గురించే. రోడ్డు మధ్యలో నిలిచిన స్తంభాలకు గుద్దిన దెబ్బను పీల్చుకునే రక్షణ ఎంత ఉంది, వాటి ముందు రాత్రిపూట కనిపించే హెచ్చరిక ఎంత ఉంది అన్నది ఎవరూ గట్టిగా అడగలేదు. రెండు ప్రశ్నలూ ఒకేసారి అడగవచ్చు. డ్రైవర్ తప్పు చేసినా చావుదాకా పోకుండా కాపాడేదే మంచి రోడ్డు. స్వీడన్ పార్లమెంటు 1997లో ఆమోదించిన విజన్ జీరో విధానానికి మూలం ఇదే. మనిషి పొరపాటు చేస్తాడన్న లెక్కతోనే రోడ్డు కట్టాలి, ఆ బాధ్యత ముందుగా కట్టినవాళ్లదే అంటుంది అది.

2019లో ఈ చర్చ మలుపు తిరిగింది. ఆ ఏడాది నవంబరు 4న గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ప్రారంభమైంది. వారం తిరగకుండానే దాని మీద ఇద్దరు యువకులు కారు ఢీకొని చనిపోయారు. 23న ఒక కారు వంతెన మీది నుంచి ఎగిరి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న మహిళ చనిపోయింది. అక్కడ వేగపరిమితి 40 కిలోమీటర్లు, కారు దానికి రెట్టింపు దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు తేల్చారు. కారు నడిపిన వ్యక్తి హైకోర్టులో వంతెన డిజైన్‌నే తప్పుబట్టాడు. వంతెన మూసేసి, నిపుణులతో పరీక్షింపజేసి, రంబుల్ స్ట్రిప్‌లు, హెచ్చరిక బోర్డులు పెట్టి 2020 జనవరి 4న మళ్లీ తెరిచారు. ఆ ఏర్పాట్లు చేయడానికి నెలన్నర కూడా పట్టలేదు. వాటిని ప్రారంభోత్సవానికి ముందే చేయకపోవడం క్షమించరానిది.

2019లోనే, సెప్టెంబరు 1 నుంచి, సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోతే, లేదా వికలాంగులైతే, సంబంధిత అధికార సంస్థ, కాంట్రాక్టర్, కన్సల్టెంట్ ఎవరైనా సరే లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. రోడ్డు పరిస్థితి వాళ్లకు తెలుసా, తెలిసి ఉండాల్సిందా అన్నది కోర్టు చూస్తుంది. ఒక ప్రాణానికి లక్ష అన్నది సిగ్గుపడాల్సిన లెక్క. అయినా రోడ్డును బోనెక్కించే వాక్యం మన చట్టంలోకి వచ్చింది. అంతకుముందు ఏడాదే సుప్రీంకోర్టు, 2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి ఇది సహించరానిదని మండిపడింది.

ఆ కాలంలోనే జీహెచ్ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను అయిదేళ్లపాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించింది. దీనివల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. ఏ రోడ్డు ఎవరిదో కాగితం మీద స్పష్టమైంది. ప్రమాదం జరిగితే మాత్రం కాంట్రాక్టర్ వైపు వేలు చూపించి అధికారులు పక్కకు తప్పుకునే వీలూ దొరికింది.

గట్టిగా నిలదీసిన మొదటి గొంతుల్లో ఒకటి ఒక తల్లిది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్లిన పన్నెండేళ్ల అమ్మాయి తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయింది. కాంట్రాక్టర్‌తోనో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ)తోనో సరిపెట్టకుండా, ఆ తల్లి మున్సిపల్ శాఖ మంత్రి, మేయర్ సహా పెద్దల పేర్లతోనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. మరుసటి ఏడాది జులైలో, పింఛను డబ్బుతో రోడ్డు గుంతలు పూడుస్తున్న రిటైర్డ్ రైల్వే ఉద్యోగి గంగాధర్ తిలక్ దంపతుల వార్తను హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీ ధర్మాసనం జీహెచ్ఎంసీని ఘాటుగా ప్రశ్నించింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఫిల్మ్‌నగర్‌కు దగ్గర్లోని మణికొండలో, వాన రాత్రి తవ్వి వదిలేసిన డ్రైనేజీ గుంతలో పడి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చనిపోయాడు. అసిస్టెంట్ ఇంజినీర్‌ను సస్పెండ్ చేశారు. 2023 ఏప్రిల్ 29న కళాసిగూడలో పాలకని బయల్దేరిన పాప నాలాలో పడి చనిపోయినప్పుడూ ఒక ఏఈ, ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు.

ఈ వరసలో ఒక తీరు స్పష్టంగా కనిపిస్తుంది. సస్పెన్షన్ ఎప్పుడూ మెట్ల అడుగునే ఆగిపోతుంది. పనికి అనుమతి ఇచ్చినవాళ్లు, సేఫ్టీ ఆడిట్ లేకుండా బిల్లు పాసు చేసినవాళ్లు, బ్యారికేడ్‌కు బడ్జెట్ కోసినవాళ్లు ఎక్కడా కనబడరు.

ప్రశ్న దర్యాప్తు చేసేవాళ్ల దాకా కూడా వెళ్లింది. 2022 మార్చిలో 45వ నంబరు రోడ్డు దగ్గర, శాసనసభ్యుడి స్టిక్కరు ఉన్న కారు ఢీకొని, బెలూన్లు అమ్ముకునే తల్లి చేతుల్లోని పసిబిడ్డ చనిపోయింది. ఆ కేసును 2024లో పోలీసులు తిరిగి తవ్వారు. ఈ మధ్యలో, 2023 డిసెంబరులో ప్రజాభవన్ ముందు జరిగిన మరో కారు ప్రమాదంలో అసలు డ్రైవర్‌ను తప్పించారన్న ఆరోపణ మీద పంజగుట్ట ఇన్‌స్పెక్టర్ సస్పెండయి, తర్వాత అరెస్టయ్యారు. 2024 జనవరి 31న ఆ స్టేషన్ సిబ్బంది 85 మందినీ ఒక్కసారే బదిలీ చేశారు. దర్యాప్తు చేసేవాళ్లూ జవాబు చెప్పాల్సిందేనన్న మాట అప్పుడు ఈ నగరంలో గట్టిగా వినబడింది.

2025 అక్టోబరు 13న బాంబే హైకోర్టు ఇంకో అడుగు వేసింది. గుంతల వల్ల, మూతలేని మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఆరు లక్షలు, గాయపడినవాళ్లకు 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు ఇవ్వాలనీ, ఆ సొమ్మును బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలనీ ఆదేశించింది. అలాంటి ఆదేశం హైదరాబాద్‌కూ కావాలి.

అందాకా చేయగలిగింది లేకపోలేదు. ప్రతి ప్రమాదాన్నీ నమోదు చేసే ఐరాడ్ వ్యవస్థలో పోలీసులతోపాటు రోడ్ల విభాగం కూడా తన వివరాలు నింపాలి. కాబట్టి మీ వీధిలో ప్రమాదం జరిగితే ఫిర్యాదులో రోడ్డు పరిస్థితి రాయించండి, ఫొటో జతచేయండి, 198ఎ కింద కూడా కేసు పెట్టమని అడగండి. ఆ రోడ్డు ఏ ఏజెన్సీ చేతిలో ఉంది, తనిఖీ చేసిన ఇంజినీరు ఎవరు, సేఫ్టీ ఆడిట్ ఎప్పుడు జరిగింది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.