ఏకగ్రీవం: 1960 నుంచి 1962 దాకా

మొన్న సెకండియర్ క్లాసులో ఒక పిల్లాడు అడిగాడు: "సార్, సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు కదా, తర్వాత మనవాళ్లు ఒక్కరూ ఎందుకు కాలేదు?" అంతలో గంట కొట్టారు. జవాబు ఇక్కడ రాస్తున్నా.

మిత్రులారా, మనం ఓటేసేది ఎమ్మెల్యేకి. ముఖ్యమంత్రిని తేల్చేది గెలిచిన పార్టీ శాసనసభాపక్షం. కాంగ్రెసులో ఈ ఎన్నిక ఎక్కువగా 'ఏకగ్రీవం'. గ్రీవం అంటే మెడ. తెలుగు మాస్టారిని కదా, ఆ మాట దగ్గర ఆగకుండా ఉండలేను. అన్ని మెడలూ ఒకేవైపు తిరిగాయంటే తిప్పిన చెయ్యి ఒకటి ఉంటుంది.

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడై ముఖ్యమంత్రి పదవి వదిలారు. వారసత్వం కోసం వర్గాలు కొట్లాడుకున్నాయి. చివరికి జనవరి 11న 38 ఏళ్ల దామోదరం సంజీవయ్య ప్రమాణం చేశారు. కర్నూలు దగ్గరి పెదపాడు మాల కుటుంబం బిడ్డ, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఆయన్ని 'రాజీ అభ్యర్థి' అనడం అలవాటైపోయింది. 1952లోనే రాజాజీ మంత్రివర్గంలో పనిచేసిన మనిషి! అదే అనుభవం ఇంకో కులంవాడికి ఉంటే 'సీనియర్ నేత' అనేవాళ్లు.

ఆ రెండేళ్లలో భూమిలేని పేదలకు లక్షల ఎకరాల బంజరు పంచారు, వృద్ధాప్య పింఛన్లు తెచ్చారు, ఏసీబీ పెట్టారు. 1962లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే ఎన్నికలు జరిగాయి, కాంగ్రెస్ గెలిచింది. మార్చి 12న కుర్చీ మళ్లీ సంజీవరెడ్డిది. సంజీవయ్యను ఏఐసీసీ అధ్యక్షుడిగా ఢిల్లీకి పంపారు. అది ఇంకా పెద్ద పదవి కదా అంటారు కొందరు. భూమి, పోలీసు, ఉద్యోగాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి, ఆ సంగతి పంపినవాళ్లకు బాగా తెలుసు.

2004లో మహారాష్ట్ర చూడండి. సుశీల్‌కుమార్ షిండే ముఖ్యమంత్రిగా ఉండగా వాళ్ల కూటమి గెలిచింది. కుర్చీ విలాస్‌రావ్ దేశ్‌ముఖ్‌కి వెళ్లింది. షిండేను గవర్నరుగా ఎక్కడికి పంపారు? మన హైదరాబాదుకే.

ఇక పిల్లాడి ప్రశ్న. రిజర్వేషన్ మనకు ఎమ్మెల్యే సీటు ఇచ్చింది. ఆ సీటుకు టికెట్ ఇచ్చేది మాత్రం వర్గ నాయకుడు. నాయకుణ్ని ఎన్నుకునే రోజు మన ఎమ్మెల్యే మెడ ఎటు తిరగాలో ఆ టికెట్ రోజే తేలిపోతుంది. వర్గాలు సమానంగా తగాదాపడి ఎవరికీ దక్కనప్పుడే మన పేరు బయటికొస్తుంది. తగాదా తీరగానే వెనక్కి పోతుంది.

వచ్చే భాగంలో 1946 మద్రాసు, ప్రకాశం ఎన్నిక.

జై భీమ్.