మీసం మీద పందెం

వైదిక పండితుడు మీసం పెంచితే లోకం వింతగా చూసే రోజులవి. ఆ రోజుల్లో ఇద్దరు యువకవులు దర్జాగా మీసాలు పెంచుకుని సభలకెక్కారు. ఇదేం పనని అడిగినవాళ్లకు పద్యంతోనే జవాబిచ్చారు. తప్పని తెలిసే పెంచామనీ, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవీంద్రులమని చాటడానికే పెంచామనీ, ఎవరైనా గెలిస్తే ఈ మీసాలు తీసేసి వాళ్ల కాళ్లకు మొక్కుతామనీ ఆ పద్యం తాత్పర్యం. తెలుగు సాహిత్యంలో దశాబ్దాల పాటు సాగిన కొట్లాటలకు, పక్షాలు కట్టిన అభిమానుల పట్టుదలలకు ఆ సవాలులోనే బీజం ఉంది.

ఆ ఇద్దరూ తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం ప్రాంతపు యండగండిలో పుట్టారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పుట్టింది 1870లో, కడియంలో. ఆత్రేయపురం వైపు నుంచి బొబ్బర్లంక మీదుగా గోదావరి దాటి ధవళేశ్వరం చేరితే అక్కడికి కడియం ఎంతో దూరం లేదు. ఇప్పుడు ఇవతలి గట్టుకు పూతరేకుల పేరు, అవతలి గట్టుకు పూలమొక్కల నర్సరీల పేరు. నూరేళ్ల కిందట ఈ సీమంతా పద్యం మీద పందేలు కాసింది.

దానికి డబ్బూ కావాలి, తీరికా కావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక డెల్టా రైతుకు ఆ రెండూ సమకూరాయి. అంతకుముందు కవికి జమీందారు కోట తప్ప దిక్కులేదు. ఆ తర్వాత ఊరి మోతుబరులు, వకీళ్లు, బడిపంతుళ్లు కూడా చందాలు వేసి అవధానం పెట్టించగలిగారు. కాలువల మీద పడవలు నడవడంతో ఒక ఊళ్లో సభ ముగించుకున్న కవులు మరో ఊరికి సులువుగా చేరేవారు. వాళ్లకన్నా ముందే వాళ్ల కబుర్లు చేరేవి.

ఇద్దరూ కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకున్నారు. అక్కడే జతకట్టి శతావధానాలకు దిగారు. శతావధానమంటే నూరుమంది పృచ్ఛకులు వరసగా కూర్చుంటారు. మొదటి ఆయన ఓ విషయం ఇచ్చి ఫలానా వృత్తంలో చెప్పమంటారు. కవి ఒక్క పాదం చెప్పి రెండో ఆయన దగ్గరికి వెళతాడు. అలా నూరుమందికీ తలా ఒక పాదం పూర్తయ్యాక మళ్లీ మొదటికొచ్చి రెండో పాదం అందుకోవాలి. నాలుగు చుట్లు తిరిగేసరికి నాలుగొందల పాదాలు. చివర్లో కాగితం ముక్క చూడకుండా ఆ నూరు పద్యాలనూ వరసగా అప్పజెప్పాలి. దీన్నే ధారణ అంటారు. మధ్యలో ఒక యతి తప్పినా, ఒక మాట మారినా సభలో ఎవరో ఒకరు లేచేవారు. అంతమంది పండితుల కళ్లముందు జరిగే పని కాబట్టి గెలుపు ఊరంతా పాకేది, తడబాటు అంతకన్నా వేగంగా పాకేది.

ఈ జంటకు ఎదురు నిలిచినవాళ్లు సామాన్యులు కారు. గుంటూరు జిల్లా నుంచి కొప్పరపు సోదర కవులు, వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి వచ్చారు. వాళ్ల బలం ఆశువు. సభలో కథ ఇస్తే కూర్చున్న చోటే ప్రబంధం చెప్పేసేవారు. గంటకు వందల పద్యాలు చెబుతారని వాళ్ల పక్షం వాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. వేగం గొప్పదా, ధారణ గొప్పదా అన్న వాదన రెండు జంటల మధ్య తేలే సంగతి కాదు. అది కాస్తా గోదావరి సీమకూ గుంటూరు సీమకూ పోటీగా మారింది. తిరుపతి వేంకట కవులు ఆ వివాదం మీద రాసిన పుస్తకం పేరే ‘గుంటూరుసీమ’.

ఇంటి దగ్గరి పోరు ఇంకా తీవ్రమైంది. పిఠాపురం సంస్థానంలో ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి వేంకట రామకృష్ణ కవులుగా జతకట్టారు. వయసులో చిన్నవాళ్లు, పాండిత్యంలో గట్టివాళ్లు, రాజావారి అండ ఉన్నవాళ్లు. ఈ రెండు జంటల మధ్య తప్పులెన్నడం మొదలైంది. ఈ ప్రయోగానికి వ్యాకరణం ఒప్పుతుందా, ఆ సమాసం సాధువా, ఈ భావం ఎవరి దగ్గర తీసుకున్నది అని. ఒకరు కరపత్రం వేస్తే మరొకరు పుస్తకమే వేశారు. తిరుపతి వేంకట కవులవి ‘గీరతము’, ‘పాశుపతము’. అవతలివారివి ‘శతఘ్ని’, ‘పరాస్త పాశుపతము’. తెలుగులో అంతకు ముందూ ఖండనలు ఉన్నాయి. కానీ అచ్చుయంత్రం వచ్చాక పండితుల తగవు తాటాకు దాటి చదువు వచ్చిన ప్రతి ఇంటి అరుగు మీదికీ చేరింది. బడిపిల్లలు కూడా ఒక పక్షం ఎంచుకున్నారు. కుర్రవాళ్లకు అవధానాల పిచ్చి ఎంతగా పట్టిందో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివితే కళ్లకు కడుతుంది.

ఆ ఖండన పుస్తకాల్లో ఎంతో చదువు వృథా అయిందని బాధపడక తప్పదు. వేదుల రామకృష్ణశాస్త్రి 1918లో, ముప్ఫయ్యేళ్లు నిండకుండానే పోయారు. రెండేళ్లకు, 1920లో, తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. అంత ప్రతిభ ఉన్నవాళ్లు ఒకరి విభక్తి మీద ఒకరు పుటలకు పుటలు రాసుకున్న కాలంలో మరెన్ని కావ్యాలు వచ్చేవో! అయినా ఆ తగవులు సాధించిన పని ఒకటుంది. యతి స్థానం తెలిసిన శ్రోత, సమస్యాపూరణలో మెలిక పసిగట్టే రైతు, పద్యం విని తీర్పు చెప్పగల ఊరు ఆ సభల్లోనే తయారయ్యాయి. ఏ పాఠశాలా అంత తొందరగా అంతమందికి ఛందస్సు నేర్పలేదు.

ఆ శ్రోతల దగ్గరికే తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వెళ్లాయి. ‘పాండవ జననం’తో మొదలై ‘ప్రవాసం’, ‘రాజసూయం’, ‘ఉద్యోగం’, ‘విజయం’, ‘అశ్వమేధం’ దాకా ఆరు నాటకాలు. భారత కథను వరసగా నడిపించిన ఈ మాలలో ఉద్యోగ, విజయాలను జనం తమవి చేసుకున్నారు. నాటక సమాజాలు రెండింటినీ కలిపి తెల్లవార్లూ ఆడేవి. రాయబారం సీను వచ్చేసరికి నిద్రపోతున్న పిల్లల్ని లేపి కూర్చోబెట్టేవారు. కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తే కింద నుంచి ‘వన్స్ మోర్’ అని కేకలు. అప్పటికి అభిమానుల వాదన కవుల మీది నుంచి నటుల మీదికి మళ్లింది. బందా కనకలింగేశ్వరరావు గొప్పా, పీసపాటి నరసింహమూర్తి గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు గొప్పా అని అరుగుల మీద తేల్చుకునేవారు. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఘంటసాల గొంతుతో ఆ పద్యాలు మళ్లీ వినిపించాయి. అక్షరం రాని వాళ్లకూ అవి నోటికి వచ్చు.

తిరుపతిశాస్త్రి పోయిన తర్వాత వేంకటశాస్త్రి మరో ముప్ఫయ్యేళ్లు బతికారు. ఏం రాసినా జంట పేరు వదల్లేదు. బందరు హైస్కూల్లో ఆయన పాఠం విన్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. ఇలాంటి శిష్యుడున్న భోగం నన్నయ తిక్కనలకు కూడా లేదని ‘రామాయణ కల్పవృక్షం’ అవతారికలో చెప్పుకునేంత గర్వం ఆ గురువు మీద ఆయనకు. ముసలితనంలో వేంకటశాస్త్రి రాసిన ‘కథలు - గాథలు’లో పాత తగవులన్నీ మళ్లీ కనిపిస్తాయి. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుండే ఆ వచనం, పద్యాలకు దీటుగా నిలిచే సంపద.

ఆ వయసులోనూ ఆయనకు ఎదుటి పక్షం లేకపోలేదు. రాజమహేంద్రవరంలో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి ఉన్నారు. రామాయణ, భారత, భాగవతాలు మూడింటినీ ఒక్కచేత్తో తెలుగు చేసిన ఆ కవిసార్వభౌముడికీ వేంకటశాస్త్రికీ ఏళ్ల తరబడి పడలేదు. ఇద్దరికీ శిష్యులున్నారు, ఇద్దరి పక్షానా కలాలు కదిలాయి. 1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని తొలి ఆస్థానకవిగా గౌరవించింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, శివరాత్రి నాడు, ఆయన విజయవాడలో కన్నుమూశారు. ఆ తర్వాత ఆస్థానకవి పదవి శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిని వరించింది.