నోటి లోపలి రక్తపు చుక్కలు

నోటి లోపలి పొర కింద సూక్ష్మ రక్తనాళాలు చిట్లి, గుండుసూది తలంత ప్రమాణంలో ఏర్పడే ఎర్రని లేదా ఊదారంగు మచ్చలను వైద్యపరిభాషలో పెటీకియే అంటారు. వీటి వ్యాసానికి కొన్ని గ్రంథాలు 2 మిల్లీమీటర్లను, కొన్ని 3 మిల్లీమీటర్లను హద్దుగా చెబుతాయి గాని, కొలత కంటే నొక్కి చూసే పరీక్షే నమ్మదగినది. గాజుపలకతో నొక్కినప్పుడు రంగు పోతే అది నాళం ఉబ్బడం వల్ల వచ్చిన ఎరుపు; పోకపోతే నాళం దాటి వచ్చిన రక్తం.

బుగ్గ కొరుక్కోవడం, గట్టి తినుబండారం గీసుకోవడం, విడవని దగ్గు, వాంతులు సాధారణ కారణాలు. ఇవి కొద్ది రోజుల్లో మాసిపోతాయి. గొంతునొప్పితో పాటు అంగిలి మీద చుక్కలు కనిపిస్తే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా గాని, ఎప్‌స్టీన్-బార్ వైరస్ గాని సోకి ఉండవచ్చు.

తెనాలి, బాపట్ల, రేపల్లెలున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో మాత్రం మరో రెండు కారణాలను ముందు తలచుకోవాలి. మొదటిది డెంగీ. ఇందులో మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షల దాకా ఉండవలసిన ప్లేట్‌లెట్లు తగ్గడమే గాక, నాళాల గోడలు కూడా బలహీనపడతాయి కనుక, ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా కట్టడం సరికాదు. జ్వరం తగ్గే దశలో, సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య, చిగుళ్ళ నుంచి రక్తం రావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రమాద సూచనల్లో చేర్చింది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు రక్తస్రావాన్ని పెంచగలవు.

రెండవది వరిచేలలో తిరిగే రక్తపింజరి కాటు. విశాఖపట్నంలో ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో పనిచేసిన పాట్రిక్ రసెల్, 1796లో వెలువడిన తన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో దీన్ని ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. దీని విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియను అదుపు లేకుండా రగిల్చి, అందుకు కావలసిన ఫైబ్రినోజెన్‌ను ఖర్చు చేసేస్తుంది. ఆ తర్వాత రక్తం గడ్డకట్టదు. ఒళ్ళంతా పాకిన విషానికి తొలి గుర్తు తరచు చిగుళ్ళ అంచున కనిపించే రక్తమే. శుభ్రమైన పొడి గాజుగొట్టంలో ఉంచిన రక్తం 20 నిమిషాలకూ గడ్డకట్టకపోతే ప్రతివిషం ఇవ్వవలసిన స్థితిగా భావిస్తారు.

జ్వరం గాని, కాటు గాని లేకుండా చుక్కలు మళ్ళీమళ్ళీ వస్తుంటే, శరీరం తన ప్లేట్‌లెట్లనే నాశనం చేసుకునే ఐటీపీ, ల్యుకేమియా, కాలేయ వ్యాధులు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ వంటి మందులు, అరుదుగా విటమిన్ సి లోపం పరిశీలనకు వస్తాయి. పొగతాగేవారి అంగిలిపై లాలాజల గ్రంథుల రంధ్రాల చుట్టూ ఏర్పడే ఎర్రని బొట్లు చూడటానికి ఇలాగే ఉన్నా, అవి వాపు వల్ల కలిగేవి, రక్తస్రావం కాదు.