వీరాపురపు కొంగలు

పక్షులను చూడవలెనన్న ఎడతెగని వానలు గురియు మహారణ్యములకే పోవలెననియు, అచ్చట పూరిపాకలలో విడిసి తెల్లవారకముందే లేచి పొదలచాటున నిలువవలెననియు పలువురు తలంతురు. అట్టి యాత్రలు మంచివే. కాని వాన అరుదైన మన రాయలసీమలోనే, హిందూపురమునకు సమీపమున, కర్ణాటకపు సరిహద్దు దరిని, చిలమత్తూరు మండలమున వీరాపురమను చిన్న పల్లె కలదు. అచ్చట పక్షులకే ఊరివారు విడిది యిచ్చిరి.

ఏటేట చలికాలమున రంగుకొంగలు గుంపులుగా వచ్చి, ఊరినడుమనున్న చింతచెట్లపై పుల్లలతో గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, అవి యెగురనేర్చిన పిమ్మట వానకాలమున వెడలిపోవును. పసుపుపచ్చని పొడవైన ముక్కు, ఈకలు లేని ఎఱ్ఱని ముఖము, ఱొమ్మున నల్లని పట్టె, తోకదరిని గులాబిరంగు ఈకలు వీని గుర్తులు. పెద్ద పక్షులకు కంఠధ్వని దాదాపు లేదు. ముక్కులు టకటక కొట్టుటయే వాని భాష. వాని రెట్టలచే ఆకులు మాడును, ఇంటిముందర దుర్గంధము వ్యాపించును. అయినను ఊరివారు వానిపై రాయి వేయరు, ఇతరులను వేయనీయరు. కొంగలు వచ్చిన యేడు వానలు పండుననియు, రాని యేడు కఱవనియు వారి నమ్మకము.

వీనిని కొందఱు సైబీరియా పక్షులందురు. ఇది పొరపాటు. రంగుకొంగ భరతఖండమునకును, సింహళమునకును, ఆవలి తూర్పుదేశములకును చెందినది. నీటిజాడను బట్టి ఒకచోటినుండి మఱియొకచోటికి తరలునే కాని మంచుదేశములనుండి వచ్చునది కాదు. తన దేశపు పక్షికి పరదేశపు పేరు పెట్టి ఆశ్చర్యపడుట విద్యావంతులకు తగదు.

ఈ కొంగ లోతులేని నీటిలో దిగి, సగము తెఱచిన ముక్కును అటునిటు త్రిప్పుచు, చేప తగిలినంతనే పట్టును. కావున దానికి పిల్లలను సాకుట కనువైన కాలము, వానలకు నిండిన చెఱువులు క్రమముగా తగ్గి చేపలు దగ్గఱగా చేరు కాలము. ఊరివారి శకునమునకు మూలమిదియే. కొంగ వానను తెచ్చుట లేదు. వాన తెచ్చిన నీటిని చూచి కొంగ వచ్చుచున్నది. కార్యకారణములు తాఱుమాఱైనను, పక్షికిని నీటికిని గల సంబంధమును పల్లెవారు శాస్త్రజ్ఞులకంటె ముందే కనిపెట్టిరి.

అట్లయిన ఈ పొడినేలకు నీరెట్లు వచ్చినది? ఇది మన చరిత్రలోని గొప్ప ప్రకరణము. కడపసీమలోని పోరుమామిళ్ళ చెఱువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించి, చెఱువుకు కావలసిన గుణములను శాసనమున వ్రాయించెను. 1565 యుద్ధము తరువాత విజయనగరపు రాజధాని పెనుకొండకు మాఱెను. పెనుకొండ కోటగోడలను చూచువారు పలువురు. బుక్కపట్టణపు చెఱువుగట్టును, ధర్మవరపు చెఱువుగట్టును చరిత్రగా చూచువారు కొందఱే. కోటలు పాడైనవి. చెఱువులు మాత్రము పైరునకును పక్షికిని నేటివఱకు నీరిచ్చుచున్నవి. కట్టించినవారు కొంగలను తలంచియుండకపోవచ్చును. కొంగల బ్రతుకు మాత్రము వాని గట్లను ఆశ్రయించినది.

ఇక పుస్తకజ్ఞానపు చరిత్ర వేఱు. మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డను 1862–64లో ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున తెలుగు పేర్లును కలవు. అవి మన వేటకాండ్రును పల్లెవారును చెప్పినవే. ఆయన సేకరించిన కలివికోడిని 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. 1900 ప్రాంతమున అనంతపురపు దరి పెన్నాలోయలో కనబడిన పిమ్మట అది యెవరి కంటను పడక, నశించినదనియే తలంపబడెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప అడవిపొదలలో దానిని మరల కనుగొనిరి. అప్పుడును దారిచూపినది స్థానికులగు పిట్టలవేటకాండ్రే.

చట్టములును వచ్చినవి. అడవిపక్షుల రక్షణకు 1887లో మొదటి శాసనము పుట్టెను. పాశ్చాత్యస్త్రీల టోపీల అలంకారమునకై సాగిన ఈకల ఎగుమతి 1902లో నిషేధింపబడెను. నేటి వన్యప్రాణి సంరక్షణచట్టము 1972 నాటిది.

హిందూపురపు దరినే లేపాక్షి కలదు. రాముడు జటాయువును "లే పక్షీ" యనుటచే ఆ పేరు వచ్చెనని జనశ్రుతి. అందలి "లే" తెలుగు, "పక్షి" సంస్కృతము. పేరునుబట్టి పుట్టిన కథ యని ఊహింపవచ్చును. అచ్చటి దేవాలయము అచ్యుతరాయల కాలమున విరూపణ్ణ కట్టించినది. కథ యెట్లున్నను, జటాయువు రాబందు. ఆ రాబందుల గతియేమైనది? 1990 తరువాతి పదునైదేండ్లలో దేశమున తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించినవి. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందు కళేబరములద్వారా వానికి విషమైనదని 2004లో తేలెను. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడెను. జటాయువుపై భక్తి రాబందును కాపాడలేదు. కారణము తెలిసిన పిమ్మటనే నివారణ సాధ్యమయ్యెను.

వీరాపురపు విషయమున ఆలోచింపవలసిన దిదియే. అచ్చటి దయకు శకునము ఆధారము. వరుసగా నాలుగేండ్లు కొంగలు రాక, శకునముపై నమ్మకము సడలిన, ఆ చింతచెట్లు కట్టెలక్రింద అమ్ముడుపోకుండ ఆపునదేమి? చెఱువు పూడిన శకునము పూడిక తీయదు. దయను పరిహసించుట సంస్కారము కాదు. దానికి జ్ఞానమను రెండవ ఊతకోల నిచ్చుటయే సంస్కారము.

ఇది మన యిండ్లనుండియే ఆరంభింపవచ్చును. పిల్లలకొక చిన్న పుస్తకమిచ్చి, ఊరి చెఱువునకు ఏ పక్షి ఏ తేదీని వచ్చెనో, ఎన్ని గూళ్ళు కట్టెనో, ఏ యేడు నీరెంత యుండెనో వ్రాయింపుడు. ఆడుపిల్లలను ఈ పనికి దూరముచేయకుడు. పదియేండ్లు సాగిన అట్టి పుస్తకము శకునమునకు బదులు సాక్ష్యమగును. చెఱువును పూడ్చవచ్చిన వాని యెదుట, చెట్టును నఱకవచ్చిన వాని యెదుట విప్పిచూపుటకు ఊరివారికి అది యుండవలెను.