పరిగె గింజలు: బ్రిటిష్ గ్రామ నగరాల బాల్యస్మృతులు

తెలుగు పాఠకునికి ఇంగ్లండు పల్లె మొదట పరిచయమైనది గోల్డ్‌స్మిత్ మూలంగా. 1766లో వెలువడిన ఆయన నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలు కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్ర’లో ఉన్నవన్న సంగతి సాహిత్యపరులు ఎరిగినదే. 1880లో పుస్తకరూపం దాల్చిన ఆ నవలలో ఆంగ్ల మతగురువు సంసారం ధవళేశ్వరపు బ్రాహ్మణ సంసారంగా రూపుమారింది. ఆ తరువాత ఆంగ్లవిద్య నేర్చినవారు గోల్డ్‌స్మిత్ 1770లో వ్రాసిన ‘డిజర్టెడ్ విలేజ్’ కావ్యాన్నీ, వర్డ్స్‌వర్త్ పద్యాలనూ చదివి మరొక పల్లెను ఊహించుకున్నారు. ఆ పల్లె అందమైనదే. కాని దానిని చూచిన కన్ను చదువుకున్నవాడి కన్ను. పొలంలో కూలికి పోయిన వాని ఇంట పుట్టిన బిడ్డకు ఆ పల్లె ఎట్లా కనిపించినదో అందులో లేదు.

ఆ బిడ్డ నోరు విప్పడానికి చాలకాలం పట్టింది. శామ్యూల్ బామ్‌ఫోర్డ్ వంటి లాంకషైరు నేతగాడు 1849లోనే తన బాల్యాన్ని గ్రంథస్థం చేసిన మాట నిజమే. అయితే అట్టివారు కొందరే. పంతొమ్మిదవ శతాబ్దంలో శ్రమజీవులు వ్రాసుకున్న జీవితచరిత్రలలో రాజకీయ పోరాటం, స్వయంకృషితో సంపాదించిన విద్య, మతంలో కలిగిన మార్పు ప్రధాన విషయాలు. వంటయింటి ముచ్చటలు, తోబుట్టువుల మరణాలు, తల్లి ముఖం అందులో అరుదు. ఇల్లు చరిత్రకు తగిన వస్తువని వారికే తోచలేదు.

ఈ స్థితిని మార్చినది సాహిత్యోద్యమం కాదు, ఒక చట్టం. ఇంగ్లండు, వేల్సులలో 1870 నాటి విద్యాచట్టం బడిలేని చోట్ల బడులు పెట్టించింది. 1880లో పదేండ్లలోపు పిల్లలు బడికి పోవడం నిర్బంధమైంది. 1891 తరువాత ప్రాథమిక విద్యకు జీతం కట్టవలసిన అవసరం చాలవరకు తొలగింది. ఆ బడులలో అక్షరాలు దిద్దిన పిల్లలు ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగానికి వృద్ధులయ్యారు. వారు కలం పట్టేనాటికి వారి పల్లె రూపుమాసిపోయింది. అందువల్ల బ్రిటన్‌లో బాల్యస్మృతుల వాఙ్మయం రెండు సంఘటనల సంధిలో పుట్టినదని చెప్పవచ్చు: వ్రాయగల తరం ముసలిదయింది, వారు వ్రాయదలచిన లోకం అదృశ్యమయింది.

ఈ వాఙ్మయంలో మొదట చెప్పదగిన పేరు ఫ్లోరా థాంప్సన్. ఆమె 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైరులోని జూనిపర్ హిల్ అనే చిన్నపల్లెలో జన్మించింది. తండ్రి రాతిపని చేసేవాడు, తల్లి పెండ్లికి పూర్వం దాదిగా కొలువుచేసినది. 1939లో ‘లార్క్ రైజ్’, 1941లో ‘ఓవర్ టు క్యాండిల్‌ఫోర్డ్’, 1943లో ‘క్యాండిల్‌ఫోర్డ్ గ్రీన్’ వెలువడ్డాయి. 1945లో మూడూ ఒకే సంపుటమైనాయి. తన కథను ‘నేను’ అని చెప్పక, లారా అనే బాలిక కథగా ఆమె చెప్పింది. బాంబులు పడుతున్న రోజులలో ఈ పుస్తకాలు చదివినవారికి వాటిలోని ప్రశాంతత ఎంతటి ఊరటనిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. పాతకాలపు తీపికి ప్రతిరూపమన్న పేరు వాటికి వచ్చినది అందువల్లనే.

కాని తీపి కోసం చదివినవారు కూడా కొన్ని లెక్కలు దాటిపోలేరు. 1880లలో ఆ పల్లె కూలివాని వారపు జీతం పది షిల్లింగులు, అంటే అర పౌను. ప్రతి ఇంటి పెరటిలో ఒక పంది. ఆదివారం నాడు పొరుగువారు వచ్చి దాని పుష్టిని మెచ్చుకోవడం ఒక మర్యాద. దానిని కోసిన రోజు పండుగే. ఉప్పులో ఊరవేసిన మాంసమే ఏడాది పొడుగునా కుటుంబానికి ఆధారం. కోతలు ముగిసిన పిమ్మట తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని, చేలలో రాలిన కంకులు ఏరేవారు. మన పల్లెలలో పరిగె ఏరుకోవడమనేది అదే. వంగిన నడుము ఎత్తకుండా వారాల తరబడి ఏరిన గింజలు మరపట్టిస్తే చలికాలపు రొట్టెకు పిండి అయ్యేది. ఆడపిల్లకు పన్నెండు పదమూడేండ్లు రాగానే పరాయి ఇంట పనికి పంపేవారు. ఆ పిల్ల తన స్వల్పమైన జీతంలో మిగిల్చి తల్లికి పంపేది.

వృద్ధాప్యపు పింఛను కథను కూడా ఆమె చెప్పింది. 1908 నాటి చట్టం ప్రకారం 1909 జనవరి 1 నుంచి డెబ్బది యేండ్లు నిండిన నిరుపేదలకు వారానికి ఐదు షిల్లింగులు ముట్టసాగాయి. తపాలా కార్యాలయంలో ఆ డబ్బు చేతికందినప్పుడు ముసలివాండ్ర కండ్లు చెమర్చేవట. డబ్బు అందించే పిల్లకు తమ తోటలోని పూలూ పండ్లూ తెచ్చి ఇచ్చేవారట. ఆ కృతజ్ఞత మధురమైన దృశ్యం. అయితే అంతకుముందు ఆ ముసలివాండ్రు దేనికి జడిసి బ్రతికారో తెలిసినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

వారు జడిసినది వర్క్‌హౌస్ అనే బీదల పనిశాలకు. 1834 నాటి బీదల చట్టం ఈ పనిశాలలను దేశమంతటా నెలకొల్పింది. లోపలి బ్రతుకు బయటి నికృష్టపు కూలి బ్రతుకుకన్న హీనంగా ఉండవలెనన్నది ఆ చట్టపు సూత్రం. అందులో ప్రవేశించిన ఆలుమగలను విడదీసి వేర్వేరు భాగాలలో ఉంచేవారు. ఆ వ్యవస్థ చివరి ఆనవాళ్ళు చట్టరీత్యా 1948లో గాని పోలేదు.

దీనిని మరువరాని విధంగా చిత్రించినవాడు లారీ లీ. 1914లో స్ట్రౌడ్‌లో పుట్టి, 1918లో గ్లాస్టర్‌షైరు లోయలోని స్లాడ్ గ్రామానికి తల్లితో, తోబుట్టువులతో వచ్చిన ఈ కవి 1959లో ‘సైడర్ విత్ రోజీ’ ప్రకటించాడు. తండ్రి ఇల్లు వదలిపోయాడు. తల్లి తన పిల్లలనూ, భర్త మొదటి భార్య పిల్లలనూ కలిపి పెంచింది. వంటయిల్లు, ఆరనీయక కాపాడిన పొయ్యి, తల్లి పరధ్యానం, అక్కల నవ్వులు: వీటి వెచ్చదనమే ఈ పుస్తకానికి లక్షలాది పాఠకులను తెచ్చింది. అందులోనే ఒక వృద్ధ దంపతుల కథ ఉన్నది. జీవితమంతా కలిసి బ్రతికిన ఆ ఇద్దరినీ, మంచానపడ్డాక, గ్రామం దయతలచి పనిశాలకు పంపించింది. అక్కడ వారిని విడదీశారు. కొద్దిరోజులలోనే ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. దయ అనే మాటలోని క్రౌర్యాన్ని లీ ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపాడు. తీపిని కోరి వచ్చిన పాఠకుడు ఈ పుట దగ్గర ఆగక తప్పదు.

నగరాల స్మృతులకు మరొక స్వభావం ఉన్నది. రిచర్డ్ హాగర్ట్ 1918లో లీడ్సులో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, హన్‌స్లెట్ పేటలో అవ్వ ఇంట పెరిగాడు. 1957లో ఆయన వ్రాసిన ‘ది యూసెస్ ఆఫ్ లిటరసీ’ విమర్శగ్రంథమే అయినా, శ్రామికగృహపు ముందుగదినీ, నిప్పుగూటినీ, తల్లి స్థానాన్నీ వర్ణించిన పుటలు బాల్యస్మృతులే. గతాన్ని బంగారు పూత పూసి చూపాడని అప్పుడే కొందరు ఆయనను తప్పుపట్టారు.

ఆ పూతను గీకి చూచినవాడు రాబర్ట్ రాబర్ట్స్. 1905లో సాల్ఫర్డులో జన్మించిన ఈయన తల్లి వీధిమలుపున చిల్లర దుకాణం నడిపేది. అరువు ఎవరికి ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్నది ఆమె నిర్ణయం. దుకాణంలో నిలిచి చూచిన బాలునికి వీధి మొత్తం ఒక పద్దుపుస్తకంలా తెరుచుకున్నది. 1971లో వెలువడిన ‘ది క్లాసిక్ స్లమ్’లో ఆయన పేదల మధ్య ఉన్న తరతమ భేదాలను నిర్దాక్షిణ్యంగా వివరించాడు. సోమవారం నాడు ఆదివారపు దుస్తులు తాకట్టు కొట్టుకు పోవడం, గడపరాయి తెల్లగా తోమడంలోని పరువు, ఆ పరువు నిలుపుకోవడానికి స్త్రీలు చేసిన చాకిరీ అందులో కనిపిస్తాయి. అందరూ ఒక్క కుటుంబంలా బ్రతికారన్న మాటను ఆయన ఒప్పుకోడు.

క్యాథ్లీన్ డేయస్ మరికొంత ముందుకు పోయింది. 1903లో బర్మింగ్‌హాములో పుట్టిన ఈమె వృద్ధాప్యంలో వ్రాసిన ‘హర్ పీపుల్’ 1982లో అచ్చయింది. వీపుకు వీపు ఆనించి కట్టిన ఇండ్లు, మధ్య వాకిలి, అందరికీ కలిపి ఒక బట్టలుతికే కొట్టం, కొద్దిపాటి మరుగుదొడ్లు. ఆమె చిత్రించిన తల్లి దేవత కాదు. కోపిష్ఠి, చేయిచేసుకొనే మనిషి. డేయస్ తానూ తల్లి అయి, భర్త మరణించాక, పోషింపలేక పిల్లలను అనాథాశ్రమంలో ఉంచి, కొన్నేండ్ల తరువాత గాని తిరిగి తెచ్చుకోలేకపోయింది. పేదరికం తల్లిని ఏమి చేస్తుందో తెలిసినది గనుకనే తన తల్లిని అట్లా చూపగలిగింది.

ఇక ఈ జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మవచ్చు? దీనికి సమాధానం ఆనాటి లెక్కలలో దొరుకుతుంది. సీబోమ్ రౌంట్రీ యార్కు నగరాన్ని పరిశీలించి 1901లో ప్రకటించిన గ్రంథం ప్రకారం ఆ నగరంలో నూటికి సుమారు 28 మంది దారిద్ర్యంలో ఉన్నారు. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఆయన కనుగొన్నాడు. కూలివాని జీవితంలో లేమి మూడుసార్లు గట్టిగా పట్టుకుంటుంది: తన బాల్యంలో, తన బిడ్డల బాల్యంలో, వృద్ధాప్యంలో. అనగా స్మృతులలో బంగారుకాలంగా మెరిసే బాల్యమే, లెక్కలలో ఆకలి కాలం.

ఆ ఆకలి పిల్లవానికి పూర్తిగా తెలియకపోవడానికి కారణమేమి? 1909 నుంచి 1913 వరకు లండనులోని లాంబెత్ పేటలో వారానికి ఒక పౌను ప్రాంతపు రాబడితో బ్రతికే సంసారాలను ఫేబియన్ మహిళలు పరిశీలించారు. 1913లో మాడ్ పెంబర్ రీవ్స్ ఆ వివరాలను పుస్తకంగా ప్రకటించింది. మాంసం పనికిపోయే భర్తకు. రొట్టె పిల్లలకూ తల్లికీ. అంత లేమిలోనూ ప్రతివారం కొన్ని పెన్నీలు పిల్లల అంత్యక్రియల బీమాకు కట్టేవారు. అది దుబారా కాదు: 1901లో ఇంగ్లండు, వేల్సులలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 150 మంది ఏడాది నిండకముందే పోయేవారు. 1915లో మహిళా సహకార సంఘం తన సభ్యురాండ్రచేత వ్రాయించి ప్రకటించిన ప్రసూతి లేఖలలో తల్లులే స్వయంగా మాట్లాడారు. గర్భవతిగా ఉన్నప్పుడు తాము తినక పిల్లలకు పెట్టిన సంగతి వారు వ్రాశారు. కొడుకు జ్ఞాపకంలో నిండుగా కనిపించిన బల్ల మీద, తల్లి పళ్ళెం ఎంత ఖాళీగా ఉన్నదో ఆ లేఖలు చెబుతాయి.

కాబట్టి స్మృతి అబద్ధం కాదు. అది సగం సాక్ష్యం. వెచ్చదనాన్ని జ్ఞాపకం దాచింది, దాని వెలను లెక్క దాచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తెలిసేది ఏమంటే, ఆ తీపి ఆ కాలానిది కాదు, ఆ ఊరిది కూడా కాదు. అది చాలవరకు ఒక స్త్రీ చేసిన శ్రమ.

బ్రిటిష్ చరిత్రకారులు ఈ సంగతి గుర్తించి, వ్రాయనివారి మాటలను కూడా సేకరింప పూనుకున్నారు. జార్జ్ ఈవర్ట్ ఎవాన్స్ సఫక్‌లోని బ్లాక్స్‌హాల్ గ్రామవృద్ధుల మాటలు విని 1956లో ఒక గ్రంథం వెలువరించాడు. 1970లలో ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ థాంప్సన్ బృందం వందలాది వృద్ధుల కుటుంబ జ్ఞాపకాలను ధ్వనిముద్రణ చేసింది. ఆ సామగ్రి ఆధారంగా 1975లో ‘ది ఎడ్వర్డియన్స్’ వచ్చింది. జాన్ బర్నెట్, డేవిడ్ విన్సెంట్, డేవిడ్ మేయాల్ 1984, 1989 నడుమ శ్రామికుల ఆత్మకథల పట్టికను మూడు సంపుటాలుగా తయారుచేశారు. ఆ పుస్తకాలలో అనేకం అచ్చుకాని చేతివ్రాతలు, మనుమల కోసం నోటుపుస్తకాలలో వ్రాసిపెట్టినవి.

‘రాజశేఖర చరిత్ర’ కాలంలో ఆంగ్లపల్లె నుంచి తెలుగు రచయిత గ్రహించినది కథాసంవిధానం. ఈ స్మృతివాఙ్మయం నుంచి గ్రహింపదగినది ఒక చూపు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ వంటి గ్రంథాలు గల భాషకు స్మృతిరచన కొత్త కాదు. అయితే బాల్యపు పండుగభోజనాన్ని వర్ణించేటప్పుడు ఆ రోజు వంటయింట కడపట కూర్చున్నదెవరు, ఏమి తిన్నది అని అడగడం ప్రతి భాషలోనూ రచయిత బాధ్యతే.

ఫ్లోరా థాంప్సన్ తన మొదటి పుస్తకాన్ని చేలలో ఆటలాడే పిల్లలతో ముగించలేదు. ఆ చిన్నపల్లె నుంచి మొదటి ప్రపంచయుద్ధానికి పోయి తిరిగిరానివారు పదకొండుమంది. చర్చి గోడ మీది ఇత్తడి పలకలో వారి పేర్లు రెండు వరుసలుగా ఉంటాయి. అన్నిటికీ చివర, ఒంటరిగా, లారా తమ్ముని పేరు. ఆమె సొంత తమ్ముడు ఎడ్విన్ 1916లో యుద్ధంలో మరణించాడు. పరిగె ఏరినట్లు ఆమె ఏరిన గింజలలో ఆఖరిది అది.